తప్పు చేసిన పిల్లవాడు ఎక్కడికి వెళ్ళాలి?



మూడో తరగతి గది. మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పీరియడ్. రబ్బరు నాదంటే నాదని ఇద్దరు కుర్రాళ్ళు కలబడ్డారు. ఒకడి చొక్కా గుండీ తెగింది. ఇంకొకడి చెంప మీద గోటి గీత పడింది. మిగతా పిల్లలంతా లెక్కలు వదిలేసి తమాషా చూస్తున్నారు. టీచరుగారు ఇప్పుడు ఏం చేయాలి? ఆలోచించుకోవడానికి ఆవిడకున్నది అర నిమిషం.

ఆ అర నిమిషానికి మన బడుల్లో జవాబులు తరతరాలుగా సిద్ధంగా ఉన్నాయి. గుంజీలు తీయించడం, బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, చెవి మెలిపెట్టడం, తొడపాశం, బెత్తం. వీధిబడుల కాలంలోనైతే కోదండం ఉండేది. దూలానికి తాడు వేలాడదీసి, పిల్లవాడు చేతులతో దాన్ని పట్టుకుని గాలిలో వేలాడేలా చేసేవారు. తాతల ముచ్చట్లలో ఇవన్నీ నవ్వుతూ చెప్పుకునే సంగతులే. వేలాడిన రోజున మాత్రం ఎవరూ నవ్వి ఉండరు.

దెబ్బల మాట అలా ఉంచి మిగతా జాబితా చూడండి. ప్రతి శిక్షా పిల్లవాణ్ణి ఒకచోటికి పంపుతుంది. బెంచీ మీదికి, గోడ పక్కకు, గది బయటికి, ఎండలోకి. తోటివాళ్ళందరికీ కనబడాలి, ఎవరితోనూ కలవకూడదు. సరే, అక్కడ నిలబడి వాడేం చేయాలి? సిగ్గుపడాలి, కాళ్ళు నొప్పెట్టేదాకా ఉండాలి. తనకు కోపం ఎందుకొచ్చిందో, మళ్ళీ వస్తే ఏం చేయాలో అక్కడ వాడికి చెప్పేవారుండరు.

తప్పు చేసిన పిల్లవాణ్ణి ఎక్కడికి పంపాలి? ఈ ప్రశ్నకు అమెరికాలో ఒక చిన్న ప్రాథమిక పాఠశాల వేరే జవాబు చెప్పింది. ఈ పూట ఆ బడి కథ చెప్పుకుందాం. ఆ కథలో మనకు పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నది కూడా చూద్దాం.

అమెరికా తూర్పు తీరంలో మేరీల్యాండ్ రాష్ట్రంలో బాల్టిమోర్ అనే రేవు నగరం ఉంది. రాజధాని వాషింగ్టన్ నుంచి కారులో గంట దూరం. ఆ రెండు నగరాల మధ్య శివారుల్లో మన తెలుగు కుటుంబాలు కూడా చాలానే ఉన్నాయి. అయితే నేను చెప్పే బడి ఆ పచ్చటి శివారుల్లోది కాదు, పశ్చిమ బాల్టిమోర్‌లోది. చెక్కలు కొట్టి మూసేసిన ఇళ్ళ వరసలు, పేదరికం, మత్తుమందుల వ్యాపారం, తుపాకుల చప్పుడు ఉన్న ప్రాంతం అది. 2015 ఏప్రిల్‌లో ఫ్రెడ్డీ గ్రే అనే పాతికేళ్ళ నల్లజాతి యువకుడు పోలీసుల నిర్బంధంలో గాయపడి చనిపోయినప్పుడు నగరం అట్టుడికింది. ఆ మంటలు లేచింది ఈ వైపే. అక్కడే రాబర్ట్ డబ్ల్యు. కోల్‌మన్ ఎలిమెంటరీ స్కూల్ ఉంది.

అమెరికా బడుల్లో శిక్షలెలా ఉంటాయో కాస్త చెప్పాలి. బడిలో పిల్లల్ని చెక్కతో కొట్టడం రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్ష కిందికి రాదని 1977లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దక్షిణాది రాష్ట్రాలు కొన్నింటిలో ఇప్పటికీ అది చట్టబద్ధమే. మేరీల్యాండ్ మాత్రం 1993లో నిషేధించింది. కొట్టడం పోయిన చోట వేరే శిక్షలు వచ్చాయి. బడి వదిలాక పిల్లవాణ్ణి ఆపి కూర్చోబెడితే డిటెన్షన్. ఇన్ని రోజులు బడి గడప తొక్కవద్దని ఇంటికి పంపేస్తే సస్పెన్షన్. ఆరేళ్ళ, ఏడేళ్ళ పిల్లల్ని కూడా సస్పెండ్ చేసేవారు. ఈ శిక్ష అందరి మీదా ఒకేలా పడలేదు. 2013-14 విద్యా సంవత్సరంలో అక్కడి ప్రభుత్వ బడుల పిల్లల్లో నల్లజాతి పిల్లలు 15.5 శాతం. సస్పెండైన పిల్లల్లో మాత్రం వాళ్ళు దాదాపు 39 శాతం. ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళు లేని పిల్లవాణ్ణి, ఇంట్లో గొడవల వల్లే బడిలో గొడవపడుతున్న పిల్లవాణ్ణి, మళ్ళీ ఆ ఇంటికే పంపితే ఏమవుతుంది? పాఠాలు పోతాయి. కోపం పెరుగుతుంది. బడికి తాను అక్కరలేదని వాడికి అర్థమవుతుంది.

ఇలాంటి చోట ముగ్గురు యువకులు ఒక పని మొదలుపెట్టారు. అలీ స్మిత్, ఆత్మన్ స్మిత్ అన్నదమ్ములు. ఆత్మన్ అన్న పేరు వినగానే మనకు అనుమానం రావాలి. నిజమే, వాళ్ళ తండ్రి ధ్యానసాధకుడు. పసితనంలోనే కొడుకులకు అలవాటు చేశాడు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో వాళ్ళకు ఆండ్రెస్ గొంజాలెజ్ అనే మిత్రుడు దొరికాడు. చదువులయ్యాక ముగ్గురూ ఆ అన్నదమ్ముల పేటకు వచ్చి 2001లో హోలిస్టిక్ లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టారు. పక్కనున్న బడివాళ్ళు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పమని అడిగితే, యోగా నేర్పుతామన్నారు. అల్లరికి పేరు మోసిన ఐదో తరగతి కుర్రాళ్ళను కొద్దిమందిని వీళ్ళ చేతిలో పెట్టారు. ఆ పిల్లల్లో కొందరు పెద్దయ్యాక అదే సంస్థలో చేరి, తమ వెనక వచ్చిన పిల్లలకు నేర్పేవాళ్ళయ్యారు. పిల్లల్ని కూర్చోబెట్టేది ఎవరు అన్నది ఈ కథలో చాలా ముఖ్యం. కాసేపట్లో మళ్ళీ ఆ సంగతికి వస్తాను.

కోల్‌మన్ బడిలో ఈ సంస్థవాళ్ళు రెండు పనులు చేశారు. మొదటిది, పొద్దున బడి మొదలయ్యేటప్పుడు పిల్లలందరికీ మైకులో పదిహేను నిమిషాల ధ్యానం. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు మళ్ళీ అదే. రెండోది, అల్లరి చేసిన పిల్లవాడు వెళ్ళడానికి ఒక గది. దానికి మైండ్‌ఫుల్ మోమెంట్ రూమ్ అని పేరు పెట్టారు. అందులో మెత్తటి దిండ్లు, కళ్ళకు గుచ్చుకోని దీపాలు, కాస్త సువాసన ఉంటాయి. లోపల ఈ పని నేర్చిన ఒక మనిషి ఉంటారు.

తరగతిలో కొట్టుకున్న పిల్లవాణ్ణి టీచరు ఆ గదికి పంపుతారు. కోపం వస్తోందని తెలిసిన పిల్లవాడు తనంతట తానే వెళ్ళి కూర్చోవచ్చు కూడా. లోపలికి రాగానే 'ఏం జరిగింది?' అని అడుగుతారు. వాడు చెబుతాడు. ఏడుస్తూ చెబుతాడు, తిట్టుకుంటూ చెబుతాడు. విన్నాక ఇద్దరూ కూర్చుని ఊపిరి మీద మనసు పెడతారు. నెమ్మదిగా పీల్చడం, అంతకంటే నెమ్మదిగా వదలడం. వాడి ఒళ్ళు కుదుటపడ్డాక మళ్ళీ మాటలు. ఈసారి అలాంటిది జరిగితే ఏం చేస్తావు? వాడే ఏదో ఒక ఉపాయం చెబుతాడు. తర్వాత తన తరగతికి తాను నడిచి వెళతాడు.

ఇది విన్న మన మాస్టార్లలో కొందరు, వీపు మీద నాలుగు తగిలిస్తే నిమిషంలో తేలిపోయే పనికి ఇంత తతంగం ఎందుకని అనుకోవచ్చు. ఎందుకో తెలియాలంటే కోపమొచ్చిన పిల్లవాడి ఒంట్లో ఏం జరుగుతుందో తెలియాలి.

ప్రమాదం వచ్చిందని అనిపించగానే మెదడు లోపల అమిగ్డలా అనే చిన్న భాగం అపాయ ఘంటిక కొడుతుంది. గుండె వేగం పెరుగుతుంది. కండరాలు బిగుస్తాయి. ఒళ్ళు కొట్లాటకో పరుగుకో సిద్ధమవుతుంది. ఆగు, ఆలోచించు అని చెప్పవలసిన భాగం నుదుటి వెనక ఉంటుంది. ఆ భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్ళ దాకా పడుతుంది. ఏడేళ్ళ పిల్లవాడికి అది ఇంకా లేతది. భయంలో, కోపంలో ఉన్నప్పుడు పెద్దవాళ్ళలోనే దాని మాట చెల్లదు, వాడిలో ఎలా చెల్లుతుంది? ఆ స్థితిలో ఉన్నవాడి మీద మనం బెత్తం ఎత్తితే వాడి మెదడుకు రెండో ప్రమాదం ఎదురైనట్టే. పాలు పొంగుతున్నప్పుడు గిన్నె మీద అరిచి లాభం లేదు, ముందు మంట తగ్గించాలి.

మంట తగ్గించే మీట ఊపిరి. గుండె కొట్టుకునే వేగాన్ని మనం ఆజ్ఞాపించి తగ్గించలేం. ఊపిరిని మాత్రం ఆజ్ఞాపించగలం. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే వదిలే ఊపిరిని పొడిగిస్తే ఒళ్ళు చల్లబడుతుంది. ఇందులో మహిమలేవీ లేవు. ఆరేళ్ళ పిల్లకు కూడా నేర్పగల శరీర ధర్మం ఇది.

అయితే ఫలితం ఏమిటి? 2016లో ఈ బడి పేరు ప్రపంచమంతా మారుమోగింది. ఆ గది వచ్చాక ఒక్క పిల్లవాణ్ణి కూడా సస్పెండ్ చేయలేదని బడివాళ్ళు చెప్పారు, పత్రికలు రాశాయి. వినడానికి గొప్పగా ఉంది. కాని ఈ లెక్క దగ్గర మనం కొంచెం ఆగాలి.

సస్పెన్షన్ల సంఖ్య పిల్లల ప్రవర్తనను కొలిచే లెక్క కాదు, పెద్దల నిర్ణయాలను కొలిచే లెక్క. సస్పెండ్ చేసేది పెద్దలే కాబట్టి, చేయమని వాళ్ళనుకుంటే ఆ సంఖ్య ఆ రోజే సున్నా అవుతుంది. పైగా బాల్టిమోర్ నగరంలో 2007 నుంచి వచ్చిన విద్యాధికారులు సస్పెన్షన్లను తగ్గించాలని గట్టిగా పూనుకున్నారు. నగరమంతటా ఆ సంఖ్య పడిపోయింది. 2017లో మేరీల్యాండ్ రాష్ట్రం రెండో తరగతి దాకా పిల్లల్ని, కొన్ని మినహాయింపులతో, సస్పెండ్ చేయకూడదని చట్టమే చేసింది. కాబట్టి ఘనతంతా ధ్యానానికే కట్టబెట్టడం న్యాయం కాదు. పెద్దలు తమ మనసు మార్చుకున్నారు, ఆ మారిన మనసుకు ఒక గది దొరికింది. ఈ రెండూ కలిసి చేసిన పని అది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి? ఈ ముగ్గురు మిత్రుల కార్యక్రమాన్నే తీసుకుని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాల్టిమోర్‌లోని 4 బడుల్లో 97 మంది నాలుగు, ఐదు తరగతుల పిల్లల మీద అధ్యయనం చేశారు. 2010లో అది అచ్చయింది. 12 వారాల శిక్షణ తర్వాత ఆ పిల్లల్లో జరిగిందే తలుచుకుని కుమిలిపోవడం, వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఉద్రేకం తగ్గాయి. అన్ని కొలతల్లోనూ మార్పు రాలేదు. చిన్న అధ్యయనం, ఆశ కలిగించే అధ్యయనం. అంతవరకే అనాలి.

దీనికి పక్కనే మరొకటి పెట్టి చూడాలి. బ్రిటన్‌లో మిరియడ్ అనే పేరుతో చాలా పెద్ద ప్రయోగం జరిగింది. ఎనభైకి పైగా బడులు, 8 వేలకు పైగా విద్యార్థులు, వయసు 11 నుంచి 13 ఏళ్ళు. బడి టీచర్లకే శిక్షణ ఇచ్చి, పీరియడ్లు పెట్టి, పాఠంలాగా ధ్యానం చెప్పించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. పిల్లల మానసిక ఆరోగ్యంలో, మామూలుగా చెప్పే జీవన నైపుణ్యాల పాఠాల కంటే ఇది మెరుగని తేలలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. కొంత మేలు జరిగింది టీచర్లకు. వాళ్ళ అలసట, విసుగు కొంతకాలం తగ్గాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది. ధ్యానాన్ని గణితంలా, సాంఘికశాస్త్రంలా తరగతి మొత్తానికి ఒక పాఠం చేసి చెబితే అది ఇంకో పాఠంగానే మిగిలిపోతుంది. బాల్టిమోర్ గదిలో జరిగింది వేరు. అక్కడ పిల్లవాడు తప్పు చేసిన ఆ క్షణంలోనే ఒక పెద్దమనిషి వాడికోసం పదిహేను నిమిషాలు కేటాయించాడు. అదే పేటలో పెరిగినవాడు, అవే బాధలు పడ్డవాడు, ఒకప్పుడు అదే అల్లరి చేసినవాడు. 'ఏం జరిగింది?' అని అడిగి జవాబు పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. ఊపిరి సాధన ఆ సంభాషణకు దారి తీసింది. శిక్షకు ప్రత్యామ్నాయం ధ్యానమని అంటున్నాం గాని, నా లెక్కలో అసలు ప్రత్యామ్నాయం ఆ పదిహేను నిమిషాలు.

అమెరికాలో దీనికి ఇంకో చిక్కు కూడా వచ్చింది. ధ్యానం, యోగా హిందూ, బౌద్ధ సంప్రదాయాల నుంచి వచ్చినవి కదా, ప్రభుత్వ బడిలో మతం చెప్పవచ్చా అని కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. కాలిఫోర్నియాలో ఎన్సినీటస్ అనే ఊరి బడుల మీద అలాంటి వ్యాజ్యమే నడిచింది. అక్కడ నేర్పుతున్న యోగాలో మతం లేదని 2015లో అప్పీలు కోర్టు తేల్చింది. అలబామా రాష్ట్రం 1993 నుంచి బడుల్లో యోగాను నిషేధించి, 2021లో సడలించింది. సడలిస్తూనే మంత్రాలు చదవకూడదు, నమస్తే అనకూడదు, ఆసనాల పేర్లు ఇంగ్లీషులోనే చెప్పాలి అని షరతులు పెట్టింది. మనకు నవ్వు రావచ్చు. కాని ఆ తల్లిదండ్రుల ప్రశ్నను కొట్టిపారేయలేం. మన బడుల్లోనూ రకరకాల మతాల పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఏ బిడ్డకూ ఇది నాది కాదు అనిపించకూడదు. ఊపిరికి మతం లేదు. దాని దగ్గరే ఆగితే ఏ గొడవా ఉండదు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు కొత్త వింత అని అనుకోనక్కరలేదు. 1907లో రోమ్ నగరంలో, శాన్ లొరెంజో అనే పేదల వాడలో, మరియా మాంటిస్సోరి పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచారు. తరగతిలో అల్లరి చేసేవాణ్ణి ఆవిడ ఏం చేసేవారో తెలుసా? గది మూలన ఒక చిన్న బల్ల, సుఖంగా కూర్చునే చిన్న కుర్చీ వేయించారు. తోటిపిల్లలు పని చేసుకుంటూంటే కనబడేలా వాణ్ణి అందులో కూర్చోబెట్టి, వాడికిష్టమైన ఆటవస్తువులు ఇచ్చేవారు. ప్రేమగా పలకరించేవారు. ఆ బడిలోనే మౌనం ఆట పుట్టింది. ఒకరోజు ఆవిడ నాలుగు నెలల పసిపాపను ఎత్తుకుని తరగతిలోకి వచ్చి, ఈ పాప ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడండి, మీరిలా ఉండగలరా అని అడిగారు. పిల్లలంతా కదలకుండా, ఊపిరి చప్పుడు కూడా రాకుండా కూర్చున్నారట. నోర్మూసుకోండి అని ఆవిడ అనలేదు. మౌనం వాళ్ళు గెలిచిన ఆట అయింది. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

అదే అడయారుకూ మన మదనపల్లెకూ సంబంధించిన మరో కథ ఉంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1909లో తండ్రితో అడయారు చేరాడు. బడిలో చదువు తలకెక్కేది కాదు. పరధ్యానంగా ఉండేవాడు. మొద్దని మాస్టారు కొట్టేవారు, వరండాలోకి గెంటేసేవారు. ఏడుస్తూ ఆ పిల్లవాడు వరండాలోనే ఉండిపోతే, తమ్ముడు నిత్యానంద వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళేవాడని ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లుట్యెన్స్ చెప్పింది. ఆ కుర్రవాడు పెద్దయ్యాక మదనపల్లె దగ్గర కొండల మధ్య రిషివ్యాలీ బడికి మూలపురుషుడయ్యాడు. భయం ఉన్న చోట నేర్చుకోవడం జరగదన్నది ఆ బడికి పునాది. అక్కడ సాయంత్రం పిల్లలు బండల మీద కూర్చుని మాటల్లేకుండా పొద్దు గూకడం చూస్తారు. దాన్ని అస్తాచల్ అంటారు. కళ్ళు మూసుకోమని ఎవరూ చెప్పరు. పద్ధతులు పెట్టి బలవంతంగా చేయించే ధ్యానాన్ని కృష్ణమూర్తి జీవితాంతం వ్యతిరేకించారు. ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ఇప్పుడు మన బడుల సంగతి. పిల్లల్ని కొట్టకూడదని మనకు చట్టం లేక కాదు. ఢిల్లీ హైకోర్టు 2000లోనే అక్కడి బడుల్లో దండన నియమాన్ని కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నిబంధనలు సవరించి బెత్తాన్ని నిషేధించింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మనసు నొప్పించే వేధింపును కూడా నిషేధించింది. అంటే గోడకుర్చీ, గుంజీలు, అందరిముందూ మొద్దు అనడం కూడా చట్టవిరుద్ధమే. విద్యాహక్కు చట్టానికి ముందే కొన్ని చోట్ల నిషేధం ఉన్నా, కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో బడికి వెళ్ళే పిల్లల్లో 65 శాతం, అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు, బడిలో దెబ్బలు తిన్నామని చెప్పారు.

ఉపాధ్యాయుల వైపు నుంచి ఒక ప్రశ్న ఉంది. అది న్యాయమైన ప్రశ్న. 'బెత్తం లాక్కున్నారు, సరే. బదులు మా చేతికి ఏమిచ్చారు?' ఒక్కరే ఐదు తరగతులు చూసుకునే ఏకోపాధ్యాయ పాఠశాలలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ టీచరే మధ్యాహ్న భోజనం చూడాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోన్లో హాజరు పంపాలి. ఆ మనిషికి దిండ్లు, దీపాలున్న గది గురించి చెబితే ఎలా ఉంటుంది? నిషేధించడం తేలిక. ఆ అర నిమిషంలో ఏం చేయాలో నేర్పడం కష్టం. మనం తేలికైన పని చేసి, కష్టమైన పని టీచర్లకు వదిలేశాం.

కొన్ని ప్రయత్నాలు జరగకపోలేదు. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో హ్యాపీనెస్ కరిక్యులమ్ మొదలైంది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజూ ఒక పీరియడ్. కాసేపు ఊపిరి మీద ధ్యాస, తర్వాత కథలు, ముచ్చట్లు. మార్కులు, పరీక్షలు ఉండేవి కావు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2019లో ఆనంద వేదిక పేరుతో అలాంటి పీరియడ్ వచ్చింది. ఇవి మంచి ఆరంభాలే. కాని పొద్దుట పీరియడ్‌లో ఊపిరి సాధన చేయించి, మధ్యాహ్నం అదే పిల్లవాడి చేత గోడకుర్చీ వేయిస్తే ఏం ప్రయోజనం? పిల్లలు పాఠాన్ని మరిచిపోతారు, గోడను గుర్తుపెట్టుకుంటారు.

ఇక జాగ్రత్తల మాట. ఇవి చెప్పకుండా ధ్యానం గొప్పదని చెప్పి ఊరుకోవడం తప్పు.

మొదటి జాగ్రత్త. అల్లరి చేశావు కాబట్టి పో, అరగంట కళ్ళు మూసుకుని కూర్చో అంటే అది ధ్యానం కాదు, పేరు మార్చుకున్న గోడకుర్చీ. ఆ పిల్లవాడికి జన్మలో ధ్యానమంటే అసహ్యం పుడుతుంది. ఊపిరి సాధన అందరికీ, రోజూ, కోపం లేని వేళ అలవాటు కావాలి. అప్పుడే అవసరం వచ్చినప్పుడు అది చేతికందుతుంది.

రెండో జాగ్రత్త. కళ్ళు మూసుకోవడం అందరికీ హాయి కాదు. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లకు, భయంకరమైనవి చూసిన పిల్లవాడికి చీకటి భయం కావచ్చు. వాళ్ళు కళ్ళు తెరుచుకునే ఉండవచ్చు. నేలవైపు, కిటికీ వైపు చూస్తూ ఊపిరి పీల్చుకోవచ్చు. వద్దు అనే హక్కు కూడా వాళ్ళకుండాలి.

మూడో జాగ్రత్త. కొట్టినవాడు శాంతించాడు సరే, దెబ్బ తిన్నవాడి మాటేమిటి? గుండీ తెగిన చొక్కా అలాగే ఉంది. గీసుకున్న చెంప అలాగే ఉంది. శిక్ష లేదంటే బాధ్యత లేదని అర్థం కాకూడదు. కుదుటపడ్డాక ఎదుటివాడి దగ్గరికి వెళ్ళి జరిగిన నష్టం సరిదిద్దాలి. ఆ పని శిక్ష కంటే తేలిక అనుకోకండి. రెండు దెబ్బలు తిని ఊరుకోవడం చాలామంది పిల్లలకు దానికంటే సులువు.

నాలుగో జాగ్రత్త. ఆకలితో ఉన్న పిల్లవాడికి కావలసింది అన్నం. బోర్డు కనబడక పక్కవాణ్ణి గిల్లే పిల్లవాడికి కావలసింది కళ్ళజోడు. చేయడానికి పనిలేక అల్లరి చేసే పిల్లకు కావలసింది పని. వీటన్నిటికీ బదులుగా ఊపిరి పీల్చుకో అనడం మోసం. అల్లరి చాలాసార్లు పిల్లలు పంపే ఉత్తరం. దాన్ని చదివే ఓపిక పెద్దలకుండాలి.

మరి గదులు, అదనపు మనుషులు లేని మన బడిలో ఏం చేయగలం? డబ్బు అక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. భోజనం తర్వాత, ఆటల తర్వాత తరగతి మొదలయ్యే ముందు రెండు నిమిషాలు అందరూ ఊపిరి లెక్కపెట్టుకోవడం, టీచరు కూడా పిల్లలతో పాటే. తరగతిలో ఒక మూల చాప వేసి, కోపమొచ్చినవాళ్ళు ఎవరైనా అడగకుండా వెళ్ళి కూర్చోవచ్చని చెప్పడం. అది శిక్ష మూల కాదని పిల్లలు నమ్మాలంటే, బాగా చదివేవాళ్ళు కూడా అక్కడ కూర్చోవాలి, ఒక్కోసారి టీచరుగారు కూడా. గొడవ పడ్డవాళ్ళను అప్పటికప్పుడు విచారించకుండా ముందు మంచినీళ్ళు తాగించి, పది నిమిషాల తర్వాత అడగడం. అడిగేటప్పుడు 'ఎందుకు చేశావు?' అనకుండా 'ఏం జరిగింది?' అనడం. మొదటి ప్రశ్నకు పిల్లవాడు సాకు వెతుక్కుంటాడు, రెండోదానికి కథ చెబుతాడు. ఇక ప్రభుత్వం చేయవలసింది, మండలానికి కొందరైనా శిక్షణ పొందిన సలహాదారులను ఇవ్వడం. ఉపాధ్యాయ శిక్షణలో ఆ అర నిమిషం గురించి, సొంత కోపం గురించి నేర్పడం. పొద్దున్నించి అరిచి అరిచి అలిసిన మనిషి పిల్లలకు శాంతం నేర్పలేరు.

చివరిగా తల్లిదండ్రులతో ఒక మాట. పిల్లవాణ్ణి బడిలో చేర్చిన రోజున మనలో చాలామంది అనే మాట ఒకటుంది. 'రెండు దెబ్బలేసైనా సరే, వాణ్ణి దారిలో పెట్టండి మాస్టారూ' అంటాం. ఆ మాటతో బెత్తం మనమే అందిస్తున్నాం. చట్టం నిషేధించినదాన్ని మన అనుమతితో మళ్ళీ బడిలోకి తెస్తున్నాం. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఆ మాట మానేద్దాం. 'వాడేదైనా తప్పు చేస్తే ముందు వాడు చెప్పేది వినండి మాస్టారూ, తర్వాత మాకూ కబురు చేయండి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం' అందాం. మాస్టారు ఆశ్చర్యపోవచ్చు. మనసులో సంతోషిస్తారు కూడా. ఎందుకంటే బెత్తం పట్టుకున్న చాలామంది టీచర్లు ఇష్టపడి పట్టుకున్నవాళ్ళు కాదు. తల్లిదండ్రులే అక్కర్లేదన్నాక దాన్ని అటక మీద పడేయడానికి వాళ్ళకు పెద్దగా అభ్యంతరం ఉండదు.